కంప్యూటర్ డిస్‌ప్లే లోపాలు: నిర్ధారణ, మరమ్మతు
(వజ్రకరూరు ప్రాంత పరిస్థితుల దృష్ట్యా)

కంప్యూటర్ లోపల జరిగే పనిని బొమ్మగా, అక్షరంగా కంటికి చూపే సాధనం డిస్‌ప్లే. బల్లమీది కంప్యూటర్‌కు విడిగా ఉండే మానిటర్, ల్యాప్‌టాప్ మూతలో బిగించిన తెర రెండూ ఈ కోవలోవే. తెర వెలగకపోయినా, మినుకుమినుకుమన్నా, గీతలు పడినా, రంగు మారినా వాడుకలో వినిపించేది "డిస్‌ప్లే పోయింది" అన్న ఒక్క మాటే. ఆ మాట వెనుక ఉండే లోపాలు మాత్రం అనేకం. వాటిలో చాలావాటికి తెర కారణమే కాదు. వదులైన కేబుల్, ఉబ్బిన కెపాసిటర్, మాడిన ఫ్యూజు, మురికి పట్టిన ర్యామ్ కూడా తెరను నల్లగానే చూపిస్తాయి. అందుకే డిస్‌ప్లే మరమ్మతులో స్క్రూడ్రైవర్ కన్నా ముందు కావలసింది లోపం ఎక్కడుందో వేరుచేసి చూసే క్రమం. అనంతపురం జిల్లా వజ్రకరూరు వంటి మెట్ట ప్రాంతంలో దీనికి మరో సంగతి తోడవుతుంది. అక్కడి వేడి, దుమ్ము, కరెంటు హెచ్చుతగ్గులు, సరిగా పనిచేయని ఎర్తింగ్ డిస్‌ప్లే ఆయుష్షును చాలావరకు నిర్ణయిస్తాయి.

ప్రాంత నేపథ్యం

వజ్రకరూరు అనంతపురం జిల్లాలో మండల కేంద్రం. ఉరవకొండ శాసనసభ నియోజకవర్గంలో ఉంది. ఉరవకొండ, గుంతకల్లు దగ్గరి పట్టణాలు. వజ్రాలకు మూలమైన కింబర్లైట్ రాతి గొట్టాల వల్ల ఈ ఊరి పేరు భూవిజ్ఞాన గ్రంథాల్లోకి ఎక్కింది. తొలకరి వానలకు పైమట్టి కొట్టుకుపోయాక జనం చేలల్లో వజ్రాలు వెతకడం ఏటా కనిపించేదే. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. నైరుతి ఋతుపవనాల కాలంలో వాన తక్కువ, గాలి ఎక్కువ. ఉరవకొండ పరిసరాల్లో గాలిమరలు వెలసింది ఆ గాలి బలం చూసే. అదే గాలి ఎర్రమట్టి దుమ్మును ఇళ్లలోకీ, కిటికీ పక్కనున్న కంప్యూటర్లలోకీ మోసుకొస్తుంది.

ఇలాంటి ఊళ్లలోకి కంప్యూటర్లు పెద్ద ఎత్తున వచ్చింది గత పదిహేనేళ్లలోనే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మీసేవ 2011లో మొదలైంది. 2019 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయాలు ప్రారంభమయ్యాయి. అప్పటి నుంచి ధ్రువపత్రాల పని, పింఛను దరఖాస్తు, పంట నమోదు చాలావరకు కంప్యూటర్ తెరమీదే నడుస్తున్నాయి. తెర ఒక్కపూట వెలగకపోతే ఆ పూట వచ్చిన రైతు మళ్లీ మరోరోజు తిరగాలి. డిస్‌ప్లే లోపాన్ని త్వరగా, సరిగా గుర్తించడం ఇక్కడ ప్రజల పనికి సంబంధించిన విషయం.

తెర పరిణామం

మొదటి తరం మానిటర్లు కేథోడ్ రే ట్యూబుతో తయారయ్యేవి. ఈ ట్యూబును జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ 1897లో రూపొందించాడు. ఎలక్ట్రాన్ పుంజం గాజు తెర లోపలి పూతను తాకి వెలిగించడం దీని సూత్రం. రంగుల మానిటర్ ట్యూబుకు 20 వేల వోల్టులకు పైగా విద్యుత్తు అవసరం.

ద్రవ స్ఫటికాల కథ అంతకంటే పాతది. ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ రైనిట్జర్ 1888లో కొలెస్టరాల్ సంబంధిత పదార్థాన్ని వేడిచేస్తూ వాటి వింత గుణాన్ని గమనించాడు. 1968లో అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థలో జార్జ్ హైల్‌మైయర్ బృందం వాటితో పనిచేసే తెరను ప్రదర్శించింది. 1970లో స్విట్జర్లాండ్‌లో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిక్ కనిపెట్టిన పద్ధతి నేటి ఎల్‌సీడీకి పునాది వేసింది. 2000 తర్వాతి దశకంలో ఎల్‌సీడీలు ట్యూబు మానిటర్లను దాదాపు పూర్తిగా తప్పించాయి. ఇప్పుడు "ఎల్‌ఈడీ మానిటర్" అని అమ్ముతున్నవాటిలో ఎక్కువ భాగం ఎల్‌సీడీలే. వెనుక దీపంగా పాత సన్నని ఫ్లోరెసెంట్ గొట్టాల బదులు ఎల్‌ఈడీలు అమర్చడమే తేడా.

కంప్యూటర్‌ను తెరతో కలిపే మార్గాలూ మారుతూ వచ్చాయి. 15 పిన్నుల వీజీఏను ఐబీఎమ్ 1987లో ప్రవేశపెట్టింది. డీవీఐ 1999లో, హెచ్‌డీఎమ్‌ఐ ప్రమాణం 2002లో, డిస్‌ప్లేపోర్ట్ 2006లో వచ్చాయి. వీజీఏ సంకేతం అనలాగ్, తక్కినవి ప్రధానంగా డిజిటల్. అందుకే హెచ్‌డీఎమ్‌ఐ నుంచి వీజీఏకు మార్చాలంటే మామూలు వైరు చాలదు, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి.

మానిటర్ లోపలి భాగాలు

వెనుక డొప్ప విప్పితే కనిపించే భాగాలు ఐదు.

పవర్ బోర్డు: 230 వోల్టుల ఏసీ విద్యుత్తును ముందు సుమారు 325 వోల్టుల డీసీగా, తర్వాత 5, 12 వంటి తక్కువ వోల్టులుగా మారుస్తుంది. ఫ్యూజు, ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జి, పెద్ద ఫిల్టర్ కెపాసిటర్, స్విచింగ్ మాస్‌ఫెట్ దీనిపైనే ఉంటాయి. కొన్ని మానిటర్లలో ఈ పనిని బయటి అడాప్టర్ చేస్తుంది.

మెయిన్ బోర్డు: దీనికే స్కేలర్ బోర్డు అని పేరు. కంప్యూటర్ పంపిన సంకేతాన్ని తెర కొలతకు సరిపడేలా మారుస్తుంది.

టీ-కాన్ బోర్డు: తెరలోని ఏ గడి ఎప్పుడు మారాలో ఆజ్ఞలిచ్చేది. చాలా ప్యానెళ్లలో ఇది ప్యానెల్‌కే అతికి ఉంటుంది.

బ్యాక్‌లైట్, దాని డ్రైవర్: తెర వెనుక వెలిగే దీపం, దానికి కావలసిన విద్యుత్తును అందించే విభాగం.

ప్యానెల్: రెండు గాజు పలకల నడుమ ద్రవ స్ఫటికం ఉన్న పొర. తనంతట తాను వెలగదు. కిటికీ రెక్కల్లా వెనుకనుంచి వచ్చే వెలుతురును ఒక్కోచోట ఒక్కో మేరకు వదులుతుంది, ఆపుతుంది.

దీపం వేరు, బొమ్మ వేరు అన్న ఈ విభజన మరమ్మతుకు తాళంచెవి. దీపం పోయి బొమ్మ ఉండవచ్చు, బొమ్మ పోయి దీపం ఉండవచ్చు. ఆ రెండు లోపాల మరమ్మతూ ఒకటి కాదు, ఖర్చూ ఒకటి కాదు.

లోపాలకు ప్రాంతీయ కారణాలు

విద్యుత్తు: ఊరి చివరి ట్రాన్స్‌ఫార్మర్ మీద బోరు మోటార్లు ఒక్కసారి ఎత్తుకుంటే వోల్టేజి పడిపోతుంది. ఆధునిక మానిటర్ల పవర్ బోర్డులు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల వరకు తట్టుకునేలా తయారవుతాయి కాబట్టి లో ఓల్టేజీ వల్ల వాటికి వచ్చే హాని తక్కువ. దెబ్బతీసేది హై ఓల్టేజీ. త్రీఫేజ్ లైనులో న్యూట్రల్ వైరు తెగినా, వదులైనా కొన్ని ఇళ్లకు 230 వోల్టుల బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. అప్పుడు కొన్ని బోర్డులపై ఉండే రక్షణ భాగం, అంటే బిళ్లలా కనిపించే వేరిస్టర్, తాను షార్టయి ఫ్యూజును ఎగరగొట్టి మిగతా బోర్డును కాపాడుతుంది. వేరిస్టర్ లేని బోర్డులో ఫిల్టర్ కెపాసిటర్, మాస్‌ఫెట్ బలవుతాయి.

ఎర్తింగ్: ఈ నేలల్లో ఇది పెద్ద సమస్య. పలుచని ఎర్రమట్టి కింద గట్టి రాయి ఉన్నచోట ఎర్త్ గుంత లోతుగా దిగదు. ఎండాకాలంలో మట్టిలో తడి ఆరిపోతే విద్యుత్తు భూమిలోకి సులువుగా పోదు. తేమను పట్టి ఉంచే నల్లరేగడిలో పరిస్థితి కొంత నయం. ఎర్తింగ్ లేని కంప్యూటర్‌లో పవర్ సప్లై ఫిల్టర్ కెపాసిటర్ల ద్వారా ఇనుప డొప్ప మీదికి దాదాపు 115 వోల్టులు చేరతాయి. ప్రవాహం స్వల్పమే కాబట్టి చేతికి జివ్వుమని తగులుతుందంతే. కాని ఆ స్థితిలో స్విచ్చి ఆపకుండా హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ గుచ్చితే ఆ విద్యుత్తు సున్నితమైన పోర్టు గుండా పారి చిప్‌ను కాల్చవచ్చు. "నిన్నటిదాకా బాగుంది, కేబుల్ మార్చగానే పోయింది" అని తెచ్చే మానిటర్ల విషయంలో ఈ కోణం తప్పక చూడాలి.

పిడుగులు: తొలకరికి ముందు వచ్చే ఉరుముల వానల్లోనూ, ఈశాన్య ఋతుపవనాల ఆరంభంలోనూ విద్యుత్తు లైను, కేబుల్ టీవీ వైరు, ఇంటర్నెట్ వైరు ద్వారా అధిక వోల్టేజి లోపలికి వస్తుంది. స్విచ్చి ఆపితే చాలదు. స్విచ్చిలోని చిన్న సందు పిడుగుకు అడ్డు కాదు. ప్లగ్ పీకేయడం ఒక్కటే మార్గం.

వేడి: ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్‌లోని ద్రవం వేడికి నెమ్మదిగా ఆరిపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడిపోతుందన్నది ఇంజినీర్లు వాడే స్థూల సూత్రం. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేస్తుందని రాసి ఉన్న కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర సుమారు 32,000 గంటలు, 75 డిగ్రీల దగ్గర 16,000 గంటలు నిలుస్తుంది. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు వాడే కార్యాలయంలో ఈ తేడా సుమారు 13 ఏళ్లకూ, ఆరున్నరేళ్లకూ మధ్య తేడా. రేకుల కప్పు కింద, గాలాడని మూలలో పెట్టిన మానిటర్ ముందే పోవడానికి కారణం ఇదే.

దుమ్ము, పురుగులు: ఎండిన దుమ్ము బోర్డుపై దుప్పటిలా పరుచుకుని వేడిని బయటికి పోనివ్వదు. వానాకాలంలో ఆ దుమ్మే తేమ పీల్చి భాగాల మధ్య విద్యుత్తు పారే దారి అవుతుంది. వెచ్చదనం వెతుక్కుంటూ గాలి సందుల్లోంచి లోపలికి దూరిన బల్లి పవర్ బోర్డును షార్టు చేయడం కూడా మెకానిక్‌లకు తెలిసిన సంగతే.

నిర్ధారణ క్రమం

బయటినుంచి లోపలికి, ఖర్చులేని పరీక్షనుంచి ఖర్చుతో కూడిన పరీక్షకు సాగడం దీని నియమం. డొప్ప విప్పకముందు జరగవలసినవి ఇవి.

1. ప్లగ్‌లోకి కరెంటు వస్తోందా? అదే సాకెట్‌లో ఫోన్ చార్జరో బల్బో పెట్టి చూడాలి. మానిటర్ పవర్ కేబుల్, సీపీయూ పవర్ కేబుల్ సాధారణంగా ఒకే రకం కాబట్టి మార్చి చూడవచ్చు.

2. మానిటర్ లైటు వెలుగుతోందా? వెలగకపోతే లోపం సాధారణంగా విద్యుత్తు సరఫరాలో ఉంటుంది. వెలిగితే తర్వాతి మెట్టుకు వెళ్లాలి.

3. సంకేతపు కేబుల్ ఊడదీసి మానిటర్‌ను మాత్రమే వెలిగించాలి. "సిగ్నల్ లేదు" లేదా "కేబుల్ చూడండి" అన్న సందేశం ఇంగ్లిషులో తెరమీద తేలితే పవర్ బోర్డు, మెయిన్ బోర్డు, బ్యాక్‌లైట్, ప్యానెల్ చాలావరకు బాగున్నట్టే. లోపం కేబుల్‌లోనో, ఇన్‌పుట్ పోర్టులోనో, కంప్యూటర్‌లోనో వెతకాలి. ఒక్క నిమిషం పట్టే ఈ పరీక్ష సమస్యను రెండుగా చీలుస్తుంది.

4. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ సరైనదేనా? కేబుల్ హెచ్‌డీఎమ్‌ఐకి పెట్టి మెనూలో వీజీఏ ఎంచుకుని ఉంటే తెర నల్లగానే ఉంటుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో కేబుల్ ఆ కార్డు పోర్టుకే పెట్టాలి.

5. అదే కంప్యూటర్‌కు మరో మానిటర్, అదే మానిటర్‌కు మరో కంప్యూటర్ తగిలించి చూడాలి. పక్క గదిలోని కంప్యూటర్, ఇంట్లోని టీవీ కూడా ఈ పనికి వస్తాయి.

6. కంప్యూటర్ వైపే లోపం ఉందని తేలితే ర్యామ్ తీసి, దాని బంగారు పూత పళ్లను మెత్తని రబ్బరుతో తుడిచి, మళ్లీ గట్టిగా కూర్చోబెట్టాలి. దుమ్ము ప్రాంతాల్లో "నో డిస్‌ప్లే" ఫిర్యాదులు చాలాసార్లు ఇక్కడే తీరిపోతాయి. ఆన్ చేసినప్పుడు వచ్చే బీప్ శబ్దాల లెక్క మదర్‌బోర్డు తయారీదారు పుస్తకంలో ఉంటుంది.

7. గీతలు, మచ్చలు ఉంటే స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో చూడాలి. ఫోన్‌లోనూ అవే గీతలుంటే లోపం సాధారణంగా గ్రాఫిక్స్‌లోనో దాని సాఫ్ట్‌వేర్ డ్రైవర్‌లోనో ఉంటుంది. ఫోన్‌లో శుభ్రంగా ఉంటే కేబుల్, మానిటర్ వైపు చూడాలి. మానిటర్ సొంత మెనూను తెరమీదికి రప్పించడం మరో పరీక్ష. గీత మెనూ మీదుగా కూడా పోతే అనుమానం ప్యానెల్ వైపు మళ్లుతుంది.

లక్షణాలు, కారణాలు

లైటే వెలగదు. ఫ్యూజు పోయి ఉండవచ్చు. ఫ్యూజు ఊరికే పోదు. గాజు ఫ్యూజు లోపల నల్లగా మాడి ఉంటే వేరిస్టర్, బ్రిడ్జి, మాస్‌ఫెట్‌లలో ఏదో ఒకటి షార్టయి ఉంటుంది. దాన్ని మార్చకుండా కొత్త ఫ్యూజు వేస్తే అదీ ఎగిరిపోతుంది. అడాప్టర్ రకం మానిటర్ అయితే ముందు అడాప్టర్ వోల్టేజి కొలవాలి.

లైటు టపటపా కొట్టుకుంటూ ఉంటుంది, లేక నాలుగైదు సార్లు ఆపి వేస్తేగాని వెలగదు. ఇది తక్కువ వోల్టుల వైపు కెపాసిటర్లు ఆరిపోయిన లక్షణం. వాటి తలలు ఉబ్బి కనిపిస్తాయి. కొన్నిటి అడుగున గోధుమరంగు ద్రవం కారి ఉంటుంది. ఉబ్బకపోయినా పాడై ఉండవచ్చు. ఆ సంగతి కెపాసిటర్ లోపలి నిరోధాన్ని కొలిచే ఈఎస్‌ఆర్ మీటరు చెబుతుంది. 1999 నుంచి 2007 వరకు తయారైన మానిటర్లు, మదర్‌బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్లు ప్రపంచమంతటా పెద్ద సంఖ్యలో చెడిపోయాయి.

తెర నల్లగా ఉంది, కంప్యూటర్ శబ్దం వస్తోంది. చీకటి గదిలో తెరమీదికి టార్చి ఏటవాలుగా పట్టి దగ్గరగా చూడాలి. లీలగా బొమ్మ కనిపిస్తే ప్యానెల్ బాగుంది, బ్యాక్‌లైట్ పోయింది. ఒకటి రెండు సెకన్లు వెలిగి ఆరిపోవడమూ ఈ కోవలోదే. పాత రకంలో ఒక గొట్టం గాని, దాన్ని నడిపే ఇన్వర్టర్ గాని చెడితే రక్షణ వలయం మొత్తం దీపాలను ఆపేస్తుంది. కొత్త రకంలో వరుసలో ఒక్క ఎల్‌ఈడీ తెగినా ఆ వరుసంతా ఆరిపోతుంది.

రంగు మారింది. వీజీఏ కేబుల్‌లో 1, 2, 3 పిన్నులు వరుసగా ఎరుపు, ఆకుపచ్చ, నీలం సంకేతాలను మోస్తాయి. ఎరుపు రాకపోతే తెర నీలి ఆకుపచ్చగా, ఆకుపచ్చ రాకపోతే ఊదా ఎరుపుగా, నీలం రాకపోతే పసుపుగా మారుతుంది. వంగిన పిన్నును సన్నని పట్టకారుతో నిదానంగా సరిచేయవచ్చు. 9వ పిన్ను చాలా కేబుళ్లలో అసలే ఉండదు, అది లోపం కాదు. 12, 15 పిన్నులు తెర వివరాలను కంప్యూటర్‌కు చెబుతాయి. అవి విరిగితే సరైన రిజల్యూషన్ దొరకదు.

"రేంజ్ దాటింది" అన్న సందేశం. కంప్యూటర్ పంపుతున్న రిజల్యూషన్ గాని, రిఫ్రెష్ రేటు గాని మానిటర్ తట్టుకోలేనిది. సేఫ్ మోడ్‌లో తెరిచి తగ్గిస్తే సరిపోతుంది. మరమ్మతు అక్కరలేదు.

నిలువు గీతలు, అడ్డ గీతలు. ప్యానెల్ అంచున గాజుకు అతికించిన పలుచని రిబ్బన్ల అతుకు వేడికీ ఒత్తిడికీ విడిపోతే నిలువు గీతలు, తెర అడ్డ వరుసలను నడిపే గేట్ డ్రైవర్ చెడితే అడ్డ గీతలు వస్తాయి. అంచును మెల్లగా నొక్కినప్పుడు గీత మాయమైతే అతుకే కారణం. దాన్ని మళ్లీ అతికించడానికి ప్రత్యేక బాండింగ్ యంత్రం కావాలి. కాగితం ముక్క దూర్చి బిగించే చిట్కా కొన్నాళ్లకు మించి నిలవదు.

చుక్కలు, నల్లమచ్చలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, తెలుపు, నలుపు రంగులను తెర నిండా ఒక్కొక్కటిగా చూపిస్తే చెడిన పిక్సెళ్లు బయటపడతాయి. ఎన్ని చుక్కలుంటే లోపంగా లెక్కించాలో ఐఎస్‌ఓ 9241-307 ప్రమాణం తరగతులుగా నిర్దేశిస్తుంది. ఒక రంగులో నిలిచిపోయిన పిక్సెల్ ఒక్కోసారి తిరిగి కదులుతుంది, చచ్చిన పిక్సెల్ మాత్రం రాదు. సిరా ఒలికినట్టు పరుచుకున్న నల్లమచ్చ లోపలి గాజు పగిలిందనడానికి గుర్తు.

ల్యాప్‌టాప్ తెరలు

ల్యాప్‌టాప్‌లో మొదటి పరీక్ష బయటి మానిటర్ తగిలించి చూడడం. అక్కడ బొమ్మ సరిగా వస్తే గ్రాఫిక్స్ చిప్ బాగుంది. లోపం తెరలోనో, కీలు గుండా పోయే కేబుల్‌లోనో ఉంటుంది. మూతను ముందుకూ వెనక్కూ వంచినప్పుడు బొమ్మ వచ్చిపోతుంటే కేబుల్ నలిగింది. మూత మూసినట్టు గుర్తించే అయస్కాంత సెన్సర్ చెడినా తెర ఆరిపోతుంది. విప్పేముందు చార్జరు తీసి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం తప్పనిసరి. లేకుంటే తెర కేబుల్ కొంచెం వంకరగా తగిలినా మదర్‌బోర్డు మీది సూక్ష్మమైన బ్యాక్‌లైట్ ఫ్యూజు పోతుంది. కొత్త తెర కొనేటప్పుడు పాత ప్యానెల్ వెనుక చీటీ మీదున్న మోడల్ సంఖ్య, పిన్నుల సంఖ్య, బిగింపు చెవుల స్థానం సరిచూడాలి.

పాత ట్యూబు మానిటర్లు

ఇప్పుడివి అరుదు. తెర మధ్య ఒకే అడ్డ గీత మిగిలితే నిలువు విస్తరణ భాగం చెడినట్టు. మూలల్లో రంగు మరకలు అయస్కాంత ప్రభావం, వాటిని డీగాస్ మీట పోగొడుతుంది. ప్లగ్ పీకిన తర్వాత కూడా ట్యూబులో ప్రాణాంతకమైన విద్యుత్తు నిల్వ ఉంటుంది. నేర్చినవారు తప్ప వీటిని విప్పరాదు.

మరమ్మతు పద్ధతులు

పవర్ బోర్డు మరమ్మతులో మెకానిక్‌లు నమ్ముకునే సాధనం సీరీస్ బోర్డు. 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు గుండా మానిటర్‌కు కరెంటు ఇస్తారు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే బోర్డు సవ్యంగా ఉంది. నిండుగా వెలుగుతూనే ఉంటే ఇంకా షార్టు ఉంది. కొత్తగా వేసిన భాగాలు కాలిపోకుండా ఈ బల్బు అడ్డుపడుతుంది.

కెపాసిటర్ మార్చేటప్పుడు మైక్రోఫారడ్ విలువ అంతే ఉండాలి. వోల్టు రేటింగు అంతే గాని, ఎక్కువ గాని ఉండవచ్చు, తగ్గరాదు. 105 డిగ్రీల, తక్కువ ఈఎస్‌ఆర్ రకమే వేయాలి. చార ఉన్న కాలు రుణధ్రువం. తిప్పి వేస్తే పేలుతుంది. సీసం, తగరం కలిసిన పాత టంకం 183 డిగ్రీల దగ్గర కరుగుతుంది. సీసం లేని కొత్త టంకానికి సుమారు 217 డిగ్రీలు కావాలి. కొత్త బోర్డులపై సోల్డరింగ్ ఐరన్ వేడి చాలక కాలు పీకితే రాగి పొర లేచిపోతుంది. ఆ తొందరపాటు వల్ల బోర్డు మొత్తం పనికిరాకుండా పోతుంది.

ఎల్‌ఈడీ పట్టీలను ప్రత్యేక టెస్టర్‌తో పరీక్షించి, అదే కొలత, అదే వోల్టు పట్టీ వేయాలి. పాత ఫ్లోరెసెంట్ గొట్టాల స్థానంలో ఎల్‌ఈడీ కిట్ అమర్చవచ్చు. ఆ గొట్టాల్లో పాదరసం ఉంటుంది కాబట్టి పగలనీయరాదు. మెయిన్ బోర్డు పూర్తిగా చెడి అదే రకం దొరకనప్పుడు ప్యానెల్‌కు సరిపడే యూనివర్సల్ బోర్డు వేసి మానిటర్‌ను నిలబెట్టుకోవచ్చు. అయితే ప్యానెల్ సంఖ్యకు తగిన ప్రోగ్రామ్, సరైన వోల్టేజి జంపర్ ఎంచుకోవాలి. 3.3 వోల్టుల ప్యానెల్‌కు 12 వోల్టులు పోతే మిగిలేది ఏమీ ఉండదు.

భద్రత

పవర్ బోర్డు మీది పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ ప్లగ్ పీకాక కూడా కొంతసేపు 300 వోల్టులకు పైగా నిల్వ ఉంచగలదు. కొన్ని నిమిషాలు ఆగి, మీటరుతో కొలిచి, మిగిలి ఉంటే కొన్ని వేల ఓమ్‌ల రెసిస్టర్ గుండా దాన్ని ఖాళీ చేయాలి. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేయడం ప్రమాదం. కరెంటు ఉన్న బోర్డు మీద ఒంటరిగా పనిచేయరాదు. తడి చేతులు, ఉత్త కాళ్లు పనికిరావు. తెరను తుడవడానికి మెత్తని పొడి గుడ్డ, అవసరమైతే నీటితో కాస్త తడిపిన గుడ్డ చాలు. ద్రవాన్ని నేరుగా తెరమీద చల్లితే కింది అంచునుంచి లోపలికి దిగి రిబ్బన్లను తినేస్తుంది.

మరమ్మతా, మార్పిడా

కేబుల్, ఫ్యూజు, కెపాసిటర్, అడాప్టర్ లోపాలకు మరమ్మతే సరైన దారి. విడిభాగం చౌక, పని తక్కువ. బ్యాక్‌లైట్ మరమ్మతు మానిటర్ పరిమాణం, వయసు చూసి నిర్ణయించుకోవాలి. ప్యానెల్ గాజు పగిలినా, రిబ్బన్లు ఊడినా బల్లమీది మానిటర్ విషయంలో కొత్తది కొనడమే మేలు. ప్యానెల్ ఒక్కదాని ధరే కొత్త మానిటర్ ధరకు దగ్గరగా వస్తుంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం మిగతా యంత్రం విలువ ఎక్కువ కాబట్టి ప్యానెల్ మార్చడం లాభం. వారంటీ ఉన్న కాలంలో ముద్ర తీయకుండా సర్వీసు కేంద్రానికే ఇవ్వాలి.

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టల్‌ను ప్రారంభించింది. తయారీదారులు మరమ్మతు సమాచారం, విడిభాగాల వివరాలు అందుబాటులో ఉంచాలన్నది దాని ఉద్దేశం. సేవాలోపం ఎదురైతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు. పనికిరాని మానిటర్లు ఈ-వ్యర్థాల కిందికి వస్తాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలు వాటి పునశ్చక్రణ బాధ్యతను తయారీదారులపై పెట్టాయి. ట్యూబు గాజులో సీసం, పాత బ్యాక్‌లైట్లలో పాదరసం ఉంటాయి. వాటిని పెంటకుప్పలో వేసినా, రాగి కోసం తగలబెట్టినా విషం నేలకూ బావినీటికీ చేరుతుంది.

నివారణ

ఈ ప్రాంతంలో డిస్‌ప్లేను కాపాడే పనులు ఎక్కువ భాగం మానిటర్ బయటే ఉన్నాయి. ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు సమపాళ్లలో వేసి, ఎండాకాలం పొడవునా క్రమం తప్పకుండా నీళ్లు పోయాలి. ఏడాదికోసారి ఎలక్ట్రీషియన్‌తో నిరోధం కొలిపించాలి. ఎర్తింగ్ పద్ధతులకు భారత ప్రమాణం ఐఎస్ 3043. మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టే అలవాటు మానాలి. యూపీఎస్‌తో పాటు అధిక వోల్టేజి వచ్చినప్పుడు సరఫరాను తెంచే రక్షణ పరికరం ఉంటే న్యూట్రల్ తెగిన రోజు మొత్తం గది బతుకుతుంది. ఉరుము వినగానే కరెంటు ప్లగ్, ఇంటర్నెట్ వైరు రెండూ పీకాలి. కేబుల్ మార్చేముందు మానిటర్, కంప్యూటర్ రెండింటినీ ఆపాలి. మానిటర్ వెనుక జానెడు ఖాళీ ఉండాలి. పని ముగిశాక గుడ్డ కప్పవచ్చు, వెలుగుతున్నప్పుడు కప్పరాదు.

శిక్షణ

ఐటీఐల్లో కంప్యూటర్ హార్డ్‌వేర్, నెట్‌వర్క్ మెయింటెనెన్స్ ట్రేడులోనూ, ఎలక్ట్రానిక్స్ ట్రేడుల్లోనూ ఈ పని నేర్పుతారు. మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్, సీరీస్ బోర్డు, ఈఎస్‌ఆర్ మీటరు, ఎల్‌ఈడీ టెస్టర్ ఉంటే పల్లెలోనే చిన్న దుకాణం నడపవచ్చు. బోర్డు స్థాయిలో మరమ్మతు చేయగల ఒక్కరు మండల కేంద్రంలో ఉంటే సచివాలయాలకూ బడులకూ పట్నం తిరిగే పని తప్పుతుంది.

ఒక డిస్‌ప్లే మరమ్మతు పూర్తయిందని చెప్పాలంటే బొమ్మ రావడం ఒక్కటే చాలదు. అది ఎందుకు పోయిందో తేలాలి, ఆ కారణం తొలగాలి. కెపాసిటర్ మార్చి వేడి మూలలోనే పెట్టినా, మాస్‌ఫెట్ వేసి వదులు న్యూట్రల్‌కే తగిలించినా ఆ మానిటర్ మళ్లీ మెకానిక్ దగ్గరికే వస్తుంది. వజ్రకరూరు వంటి ఊళ్లలో తెర చెడినప్పుడు కొత్తది కొనాలన్న నిర్ణయానికి ముందు కేబుల్ ఊడదీసి చూడండి, టార్చి వేసి చూడండి, ఎర్తింగ్ కొలిపించండి. పారేయబోయే మానిటర్లలో చాలావాటికి ఇంకా పనిచేసే ప్రాణం ఉంది.